మందు కల్తీ కాదు, అందుకే ఆ అర్జీ మీద నా సంతకం లేదు

కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. నన్ను తిట్టదలుచుకున్నవాళ్లు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

మొన్న ఆదివారం రామాలయం అరుగు మీద రాసిన అర్జీ మీద నేను సంతకం పెట్టని మాట నిజమే. మన ఊరి మామిడి రైతులు 31 మంది పెట్టారు. పూత మీద బూడిద తెగులుకి కొట్టిన మందు కల్తీది, షాపు లైసెన్సు రద్దు చేయాలి, నష్టపరిహారం ఇప్పించాలి అని అందులో ఉంది. నేను పెన్ను చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాను. సాయంత్రానికల్లా ఊళ్లో మాట పుట్టింది, షాపాయన నా బాకీ కొట్టేశాడట, అందుకే పెట్టలేదట. నా బాకీ 38,400 రూపాయలు ఆ షాపు పుస్తకంలో ఇంకా అలాగే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, కట్టాలనిపిస్తే కట్టేయొచ్చు కూడా.

నాకు నష్టం రాలేదని కాదు. మూడున్నర ఎకరాల్లో 140 చెట్లు బంగినపల్లి. బాగా కాసిన ఏడాది 15 టన్నులు దిగే తోట. ఈ ఏడు 4 టన్నులు దిగింది, అందులో మచ్చ కాయ ఎంతో నున్న మార్కెట్టులో నాతో పాటు నిలబడ్డవాళ్లకి తెలుసు. సంతకం పెట్టకపోవడానికి కారణం ఒక్కటే. ఆ అర్జీలో రాసింది తప్పు. తప్పు కారణం రాసి డబ్బు అడిగితే డబ్బు రాదు సరికదా, వచ్చే సంక్రాంతికి మళ్లీ ఇదే పూత ఇలాగే మాడుతుంది.

కల్తీ అని ఎలా తేల్చారు? "కొట్టాం, పని చేయలేదు" అంతే కదా. అధికారి గారు షాపులో శాంపిల్ తీసి ల్యాబుకి పంపారు. ఉండాల్సిన శాతం మందు ఉందని కాగితం వచ్చింది. మనవాళ్లు ఆ కాగితం కూడా కొనేశారన్నారు. సరే, కాగితం పక్కన పెడదాం. మా బావ ఈ షాపు మీద నమ్మకం లేక విజయవాడ పోయి వేరే కంపెనీ కార్బెండజిమ్ తెచ్చుకున్నాడు. వేరే షాపు, వేరే కంపెనీ, వేరే బిల్లు. ఆయన పూత ఏమైనా నిలబడిందా? నా తోట గట్టు మీద నుంచే కనబడుతుంది ఆయన తోట. రెండూ ఒకేలా తెల్లగా పిండి చల్లినట్టు అయిపోయాయి. రెండు ఊళ్లలో రెండు కంపెనీలు ఒకే ఏడాది ఒకే మందు కల్తీ చేశాయా?

నేనేం చేశానో కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే మీరంతా చేసింది కూడా ఇదే. జనవరిలో మంచు పట్టింది, గెలల మీద తెలుపు కనబడింది. లీటరుకి గ్రాము చొప్పున కార్బెండజిమ్ కొట్టాను. పది రోజులకి తగ్గలేదని రెండు గ్రాములు చేశాను. అప్పటికీ తగ్గకపోతే మందు మార్చాను అనుకుని థయోఫనేట్ మిథైల్ కొట్టాను. తర్వాత కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిపి వచ్చే ప్యాకెట్ కొట్టాను. నాలుగు సార్లు ట్రాక్టరు, ట్యాంకు, కూలీలు, మందు. పూత రాలిపోయి గెలలు పుల్లల్లా మిగిలాయి. అప్పుడు షాపు ముందు నిలబడి అందరికంటే గట్టిగా అరిచింది నేనే. కల్తీ మందు అమ్ముతున్నావురా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అది తిరిగి తీసుకోవాల్సిన మాట, ఇక్కడే తీసుకుంటున్నాను.

ఆ తర్వాత మాడిన గెల ఒకటి సంచిలో వేసుకుని నూజివీడు మామిడి పరిశోధన స్థానానికి వెళ్లాను. ఇన్నేళ్లుగా తోట చేస్తూ అక్కడికి పోవడం అదే మొదటిసారి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అక్కడ సారు నన్ను ఒక్కటే అడిగారు, "ఈ మందు ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు?" అని. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. 22 ఏళ్లు. ఆయనేమీ అనలేదు. గంధకం పొడి కొట్టి చూశారా అన్నారు.

ఐదోసారి కొట్టేటప్పుడు చివరి వరసలో ఆరు చెట్లు వేరు చేశాను. రెండింటికి ఉత్త నీళ్లు, రెండింటికి కార్బెండజిమ్, రెండింటికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. చల్లటి పూట కొట్టాను. పన్నెండు రోజులకి చూస్తే నీళ్లు కొట్టిన చెట్టుకీ, కార్బెండజిమ్ కొట్టిన చెట్టుకీ తేడా చెప్పమంటే మా ఆవిడ చెప్పలేకపోయింది. గంధకం కొట్టిన రెండు చెట్లకి పోయిన పూత పోయింది గానీ, వెనకొచ్చిన గెలలు శుభ్రంగా వచ్చాయి. ఆరు చెట్లతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. కానీ 31 సంతకాల వెనక ఆ ఆరు చెట్లు కూడా లేవు.

ఇప్పుడు అసలు సంగతి. మందు అదే మందు. మారింది బూజు.

ఇంటర్ బైపీసీలో సిద్ధబీజాలు అని బట్టీ పట్టాం, ఎందుకో తెలియకుండా. గెల మీద కనబడే ఆ తెల్ల పొడి మొత్తం అవే. ఒక్క గెల మీద లక్షల్లో ఉంటాయి. శిలీంధ్రం కణం రెండుగా చీలి పెరగాలంటే లోపల సన్నటి దారాల్లాంటివి కట్టుకోవాలి. కార్బెండజిమ్ చేసే పని, ఆ దారాలు తయారయ్యే ప్రొటీనుకి అతుక్కుని వాటిని కట్టనివ్వకపోవడం. దానికి తెలిసింది ఆ ఒక్క పనే. ఆ ప్రొటీనులో ఒక్క చోట, 198వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు అతుక్కోవడానికి చోటుండదు. లక్షల బీజాల్లో అలా పుట్టుకతోనే తేడాగా ఉన్నది ఎక్కడో ఒకటి ఉంటుంది. మనం మందు కొట్టి మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేసి పెడతాం. మరుసటి వారం అదే మందు కొట్టి దాని పిల్లలకి కూడా చోటు ఇస్తాం. అలా 22 ఏళ్లు ఇచ్చాం.

"బూజు మందుకి అలవాటు పడింది" అంటుంటారు. అలవాటు కాదది. సారాకి మనిషి అలవాటు పడ్డట్టు ఏ బూజూ మందుకి అలవాటు పడదు. చచ్చేవి చచ్చాయి, చావనివి మిగిలి పిల్లల్ని కన్నాయి. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, అలవాటు అనుకుంటే డోసు పెంచుతాం. కార్బెండజిమ్ విషయంలో డోసు పెంచి లాభం లేదు. అతుక్కునే చోటే లేనప్పుడు గ్రాము పోసినా ఒకటే, మూడు గ్రాములు పోసినా ఒకటే. పోయేది మన డబ్బు, కాయలో మిగిలేది అవశేషం.

బీటీ పత్తి సంగతి మీకు కొత్త కాదు. గులాబీ రంగు పురుగు బీటీకి లొంగడం మానేసిందని అందరం ఒప్పుకున్నాం. అప్పుడు విత్తనం కల్తీ అన్నవాళ్లూ ఉన్నారు, తర్వాత వాళ్లూ ఒప్పుకున్నారు. వరిలో ఏటా ఒకే కలుపు మందు కొడితే ఊద ఎలా మొండికేస్తుందో మన కళ్లారా చూశాం. పురుగు మారుతుందని నమ్మి, గడ్డి మారుతుందని నమ్మి, కంటికి కనబడని బూజు మాత్రం మా తాతల నాటిదే అనుకుంటే ఎలా?

ఇది మన నూజివీడు పక్కన పుట్టిన జబ్బేమీ కాదు. బెనోమిల్ అని ఒక మందు ఉండేది, చెట్టు మీద పడ్డాక కార్బెండజిమ్ గా మారి పని చేసేది. 1969లోనే న్యూయార్క్ రాష్ట్రంలో దోస జాతి తీగల మీద బూడిద తెగులు దానికి లొంగడం లేదని రాశారు. మనలో చాలామంది అప్పటికి పుట్టలేదు. పీచ్ పండు మీకు తెలుసుగా, మన మామిడి లాగే లోపల టెంక ఉండే పండు. వాటి తోటల్లో గోధుమ రంగు కుళ్లు తెగులు ఒకటి ఉంది, పూత దగ్గర మొదలుపెట్టి పండు దాకా తినేస్తుంది. బెనోమిల్ వచ్చిన కొత్తల్లో అక్కడి రైతులు పండగ చేసుకున్నారు. 1970ల మధ్యకల్లా ఆస్ట్రేలియాలోనూ, అమెరికాలో మిషిగన్ లోనూ లొంగని బూజు దొరికింది. ఆ మందు వదిలి ట్రయజోల్ మందులకి మారారు. 2000 దాటాక జార్జియా పీచ్ తోటల్లో వాటికీ అదే గతి మొదలైంది. మందుల కంపెనీలకి ఈ సంగతి తెలియదనుకుంటున్నారా? 1981లో వాళ్లే దీని మీద ఒక కమిటీ వేసుకుని, శిలీంధ్రనాశినులన్నిటినీ పని చేసే తీరుని బట్టి గ్రూపులు చేసి నంబర్లు ఇచ్చారు. కార్బెండజిమ్ 1వ నంబరు.

మన దగ్గరా చూడనిది కాదు. రాష్ట్రంలో మామిడి ఎగుమతి మండలంలోని తోటల నుంచి తీసిన పక్షికన్ను తెగులు శిలీంధ్రంలో కార్బెండజిమ్ కి లొంగని రకాలు ఉన్నాయని మన శాస్త్రవేత్తలు 2007లోనే పత్రం రాశారు. ఆ తర్వాత కూడా నేను ఆ మందు డబ్బాలు డబ్బాలు కొన్నాను. ఆ కబురు నా దాకా రాలేదు, నేనూ కబురు కోసం పోలేదు.

ఇక్కడ పేర్ల గోల ఒకటుంది, దీని దగ్గర కాస్త ఆగండి. మనం బావిస్టిన్ అంటాం, అది కార్బెండజిమ్. రోకో అంటాం, అది థయోఫనేట్ మిథైల్, చెట్టులోకి పోయాక అదీ కార్బెండజిమ్ గానే మారుతుంది. అంటే నేను మూడోసారి "మందు మార్చాను" అనుకున్నది చొక్కా మార్చడమే, మనిషి అతనే. అలాగే కాంటాఫ్ అంటే హెక్సాకొనజోల్, టిల్ట్ అంటే ప్రొపికొనజోల్, స్కోర్ అంటే డైఫెనోకొనజోల్. మూడు డబ్బాలు, మూడు రంగులు, మూడు రేట్లు. గ్రూపు ఒక్కటే, 3వ నంబరు. చివర "కొనజోల్" అని ఉంటే ఆ ఇంటి బిడ్డే అని గుర్తు. ఒక పూతకి ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, మందులు మార్చి మార్చి కొట్టాను అని చెప్పుకునేవాళ్లు మనలో ఎంతమంది? చివర "స్ట్రోబిన్" అని ఉండేవి 11వ నంబరు. అవి మంచి మందులే, అందుకే భయం. అవి కూడా 1వ నంబరు లాగే ఒక్క చిన్న మార్పుతో మొత్తంగా పనికిరాకుండా పోతాయి. 3వ నంబరుది వేరే దారి, అది ఏడాదికి కొంచెం కొంచెంగా పలచబడుతుంది. నిరుడు పదిహేను రోజులు ఆగింది, ఈసారి పది రోజులే ఆగింది అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే జాగ్రత్త పడాలి, మనం డోసు పెంచి ఊరుకుంటాం.

కలిపి వచ్చే ప్యాకెట్ల మీద నాకున్న నమ్మకం కూడా ఈ ఏడు పోయింది. రెండు మందులుంటే ఒకటి పోయినా ఒకటి కాపాడుతుంది అనేది లెక్క. ఆ రెండూ ఆ తెగులు మీద పని చేసేవైతేనే కదా ఆ లెక్క. మాంకోజెబ్ పక్షికన్ను తెగులు మీద బాగా పని చేస్తుంది, బూడిద తెగులు మీద పెద్దగా చేయదు. మన బూడిద తెగులు కార్బెండజిమ్ కి లొంగకపోతే ఆ ప్యాకెట్లో ఇంక దాన్ని ఆపేది ఎవరు? ఎవరూ లేరు. నేను నాలుగోసారి కొట్టింది అదే.

గంధకం, రాగి, మాంకోజెబ్ సంగతి వేరు. అవి శిలీంధ్రాన్ని ఒక్క చోట కాకుండా చాలా చోట్ల కొడతాయి, అన్ని చోట్లా ఒకేసారి మారడం దానికి కష్టం. ఫ్రాన్స్ ద్రాక్ష తోటల్లో మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1885 నాటిది, ఇప్పటికీ వాడుతున్నారు. మన షాపులో గంధకం అడిగితే "అది పాత మందు బాబాయ్, ఇప్పుడెవరు కొడుతున్నారు" అని నవ్వుతారు. చవక కాబట్టి మనకీ దాని మీద గౌరవం లేదు.

అలాగని షాపుల్ని వదిలేయమనడం లేదు. కల్తీ అనే పెద్ద నింద వేసి మనమే వాళ్లకి తప్పించుకునే దారి ఇస్తున్నాం. ల్యాబు కాగితం చూపించి కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటారు. వాళ్లని అడగాల్సింది వేరే. పూత మాడిందని వచ్చిన రైతుకి మూడోసారి కూడా అదే గ్రూపు మందు ఎందుకు ఇచ్చారు? తెలిసి ఇచ్చారా, తెలియక ఇచ్చారా? తెలియకపోతే కౌంటర్లో కూర్చుని లీటరుకి ఎంతో చెప్పే పెద్దరికం ఎక్కడిది? ఈ ప్రశ్నకి ల్యాబు కాగితం అడ్డం రాదు. కంపెనీలనీ అడగాలి. డబ్బా మీద త్రికోణం వేస్తారు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అది విషం ఎంతో చెబుతుంది. ఏ గ్రూపో దాన్ని చూస్తే తెలియదు. ఆస్ట్రేలియాలో డబ్బా మీద గ్రూపు నంబరు పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. మన డబ్బా మీద తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్దగా ఆ ఒక్క అంకె వేయడానికి ఎంత ఖర్చు?

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సినది, ఇది చెబితే ఇంకో పదిమంది దూరమవుతారని తెలిసే చెబుతున్నాను. గుత్తకి ఇచ్చిన తోటలు. పూత మీద కాపు అమ్మేసి డబ్బు చేతిలో పెట్టుకుని మనం ఇంట్లో కూర్చుంటాం. గుత్తదారుకి ఆ తోటతో సంబంధం మే నెల దాకే. చవకగా దొరికేది ఆరేడు సార్లు కొట్టించి కాయ కోసుకుని పోతాడు. తప్పు పట్టలేం, ఆయన పెట్టుబడి ఆయనది. కానీ ఆ ఆరేడు సార్లలో మిగిలిన బూజు లారీ ఎక్కి ఆయనతో పోదు. గాలికి వచ్చి నా గెల మీద కూర్చుంటుంది. నేను ఎంత నియమంగా మందు మార్చి కొట్టినా, నా చుట్టూ నాలుగు గుత్త తోటలుంటే నా నియమం గట్టు దాకే. నా పెద తండ్రి కొడుకు తోటే అందులో ఒకటి. అన్నయ్యా, నువ్వు ఇది చదువుతావని తెలుసు, కోపం తెచ్చుకోవద్దు. కాగితం రాసుకునేటప్పుడు ఏ గ్రూపు మందు ఎన్నిసార్లు కొట్టాలో కూడా రాయించు. డబ్బు సంగతి రాయించుకున్నప్పుడు ఇదొక్క వాక్యం బరువా?

వచ్చే పూతకి నేను చేయబోయేది చెబుతాను, మీకు నచ్చితే చేయండి. కోత అయిపోయింది కాబట్టి ఈ నెలలోనే ఎండు పుల్లలు, పాత గెలలు, మాడిన కొమ్మలు కత్తిరించి తోట బయట తగలబెడతాను. పక్షికన్ను తెగులు దాక్కునేది ఆ ఎండు కొమ్మల్లోనే. చెట్టు లోపలికి ఎండ దిగేలా నడిమి కొమ్మలు తీస్తాను. కత్తిరించిన తర్వాత ఒకసారి కాపర్ ఆక్సీక్లోరైడ్. గెల బయటికి వచ్చి పూలు విచ్చకముందు గంధకం 3 గ్రాములు, చల్లటి పూట మాత్రమే, ఎండలో కొడితే పూత మాడేది మన చేతులతోనే. పూలు నిండుగా విచ్చినప్పుడు ఏ మందూ కొట్టను, ఈగలు తిరగనివ్వాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాక హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు, పూత మొత్తానికి 3వ నంబరు అది ఒక్కసారే. మళ్లీ కొట్టాల్సి వస్తే గంధకమో, తెగులుని బట్టి మాంకోజెబో. కార్బెండజిమ్ నా తోటలోకి రాదు. ఏ తేదీన ఏ నంబరు కొట్టానో గోడ మీద క్యాలెండర్లో రాస్తాను. పాల లెక్క పక్కనే రాసుకోవచ్చు, వేరే పుస్తకం అక్కర్లేదు.

అర్జీ మాత్రం రాయాల్సిందే. కల్తీ అనే మాట తీసేసి మళ్లీ రాద్దాం. అమెరికాలో సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీ వాళ్లు పీచ్ రైతుల తోటల నుంచి శాంపిల్ తెప్పించుకుని, నీ తోట బూజు మీద ఈ మందు పని చేస్తుంది, ఇది చేయదు అని పరీక్ష చేసి చెప్పే పద్ధతి పెట్టారు. మన గెలలకీ అలాంటి పరీక్ష పూత రాకముందే పెట్టమని అడుగుదాం. డబ్బా మీద తెలుగులో గ్రూపు నంబరు వేయించమని అడుగుదాం. బిల్లు మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయమని షాపులకి చెప్పించమని అడుగుదాం. ఈ ఏడు పూతకి కొట్టిన మందుల బిల్లులు తేదీలతో సహా జత చేద్దాం. అన్నీ ఒకే గ్రూపువని కళ్లకి కనబడుతుంది, నష్టం అడగడానికి మన చేతిలో ఉన్న బలమైన కాగితాలు అవే.

నా ఐదు బిల్లులు జిరాక్స్ తీయించి పెట్టాను. బుధవారం పొద్దున్న ఏడు గంటలకి అరుగు దగ్గర ఉంటాను. ఆ 31 మందీ తమ బిల్లులు తీసుకుని రండి. ఈసారి పెన్ను కింద పెట్టను.